చిన్నత్త విన్న చప్పుడు

పోయిన నెల ఖమ్మంలో ఒక పరామర్శకు వెళ్లాను. భర్త పోయిన ఆ పిల్లకు ముప్పై ఏళ్లు కూడా ఉండవు. వచ్చినవాళ్లందరికీ తనే కుర్చీలు వేస్తోంది, తనే మంచినీళ్లు ఇస్తోంది. నా పక్కన కూర్చున్నావిడ మెచ్చుకోలుగా, "ఎంత గట్టి పిల్లో చూడండి, కంట్లో చుక్క నీళ్లు లేవు" అంది. మిట్టమధ్యాహ్నం, ఎండాకాలం, పైన ఫ్యాను ఉన్నా లేనట్టే. అయినా నా చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. అదే మెచ్చుకోలు చిన్నప్పుడు మరో ఇంట్లో, మరో మనిషి గురించి విన్నాను.

ఆ ఇల్లు మా నాయనమ్మది. బూర్గంపాడు దాటాక, గోదారి ఒడ్డున పొలాలు అయిపోయి అడవి మొదలయ్యే చోట ఉండేది. మా నాన్నకు కొత్తగూడెంలో ఉద్యోగం. క్వార్టరు చిన్నది, నా అల్లరి పెద్దది కావడంతో మా అమ్మ నన్ను కొన్నేళ్లు నాయనమ్మ దగ్గర ఉంచింది. ఎనభైల నడిమి మాట. ఇంట్లో నాయనమ్మ, నేను, మా నాన్న చెల్లెలు చిన్నత్త, ఆమె భర్త మామయ్య ఉండేవాళ్లం. చిన్నత్త నవ్విందంటే పెంకుల మీది కాకులు లేచిపోయేవి. మామయ్య సైకిలు మీద బట్టల మూట కట్టుకుని అడవి ఊళ్ల సంతలకు తిరిగేవాడు. ఆ సైకిలు పెడలు ఒకటి వంగిపోయి, తిరిగినప్పుడల్లా చెయిన్ కవరుకు తగిలి టక్కుమనేది. మునిమాపున అడవి బాట మలుపులో టక్, టక్ అని వినబడగానే చిన్నత్త ఎసట్లో బియ్యం పోసేది. బాగు చేయించవచ్చు కదా అంటే, "చేయిస్తే మీ అత్త నాకు అన్నం ఎప్పుడు వండాల్నో ఎట్ల తెలుస్తది?" అనేవాడు మామయ్య.

ఒక వానాకాలం, గోదారి పెరుగుతున్న రోజుల్లో, అవతలి ఒడ్డు సంతకు వెళ్లి తిరిగి వస్తూ, వంతెన మీదుగా అయితే చాలా చుట్టు అని పడవ ఎక్కాడు. పడవ తిరగబడింది. వరద తగ్గాక ఒండ్రుమట్టిలో సైకిలు దొరికింది. మనిషి దొరకలేదు. చేపలు పట్టేవాళ్లు ఆ సైకిలు తెచ్చి మా అరుగు స్తంభానికి ఆనించి వెళ్లారు. దాన్ని కదిలించడానికి ఎవరికీ చేతులు రాలేదు.

చిన్నత్త ఏడవలేదు. వచ్చినవాళ్లకు అన్నాలు వడ్డించింది. గుండె గట్టిదని అందరూ పొగిడారు. పొగిడినప్పుడల్లా నాయనమ్మ ముఖం మాత్రం పాలిపోయేది. ఎందుకో అప్పుడు నాకు తెలియదు. కొన్నాళ్లకు ఒక సాయంత్రం, నేను అరుగు మీద ఎక్కాలు వల్లెవేస్తుంటే, చిన్నత్త చీపురు కింద పడేసి, "వస్తుండు" అంది. బాట మీద ఎవరూ లేరు. సైకిలు తుప్పుపట్టి మా పక్కనే ఉంది. కానీ రోజూ మామయ్య సైకిలు వెంట మలుపుదాకా పరుగెత్తే మా కుక్క లేచి చెవులు నిలబెట్టి మలుపు వైపు చూస్తోంది. ఆ తర్వాత దాదాపు రోజూ అంతే. చీకటి పడబోయే వేళకు చిన్నత్త తల ఒక పక్కకు వంచేది, కుక్క లేచేది, నేను నాయనమ్మ చెంగు పట్టుకునేదాన్ని.

నిద్ర పడుతుందని పక్కింటావిడ ఒక గ్లాసులో ఇప్పసారా తెచ్చి ఇచ్చింది. మా వైపు ఇప్పసారా కొత్తేమీ కాదు. అడవి గూడేల్లో పండగ నాడు ముందు దేవతకు పోసి, తర్వాత ఆడా మగా కలిసి కూర్చుని తాగి ఆడి పాడేవాళ్లు. చిన్నత్త తాగడం అలాంటిది కాదు. సామాన్ల గదిలో, తలుపు ఓరగా వేసుకుని, ఒక్కతే తాగేది. మొదట ఆ చప్పుడు వినబడ్డాక తాగేది, తర్వాత వినబడకుండా ఉండాలని ముందే తాగేది, ఆ తర్వాత ఏ వేళా లేదు. చలికాలం వచ్చేసరికి పొద్దున్నే చేతులు వణికేవి. కూరలో రెండుసార్లు ఉప్పు పడేది. నేను మాట్లాడకుండా తినేదాన్ని. కుక్కకు అంత మర్యాద తెలియదు, వాసన చూసి వెళ్లిపోయేది. కాకులు మాత్రం మా పెంకుల మీద స్థిమితంగా కూర్చునేవి, లేపే నవ్వు లేదు కాబట్టి.

ఒక రోజు బడి నుంచి వచ్చేసరికి పెరటి తలుపు తీసి ఉంది, చిన్నత్త లేదు. నాయనమ్మ నా చెయ్యి పట్టుకుని రేవుకు పరుగులాంటి నడక నడిచింది. పొద్దు ఇంకా పూర్తిగా వాలలేదు. నీళ్ల మీద పొగమంచు లేస్తోంది. చిన్నత్త నడుము లోతు నీళ్లలో అవతలి ఒడ్డుకేసి చూస్తూ నిలబడి ఉంది. చేతిలో సీసా ఉంది.

"అమ్మా, పిలుస్తుండు" అంది, వెనక్కి తిరగకుండానే.

నాకు నీళ్ల చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. కానీ మా వెంట వచ్చిన కుక్క ఖాళీ గోదారి వైపు చూసి తోక ఊపుతోంది.

నాయనమ్మ కేక పెట్టలేదు. నీళ్లలోకి దిగి, ఆమె పక్కన నిలబడి, పొయ్యి దగ్గర అడిగినట్టే అడిగింది. "ఏమని పిలుస్తుండు బిడ్డా?"

"పేరు పెట్టి."

"ఇంటుంటే నీకు ఏమైతుంది?"

"తాగబుద్ధైతుంది."

"దానికి ముందు? తాగబుద్ధి గాకముందు లోపల ఏమొస్తుంది?"

చిన్నత్త చేతిలోని సీసా వైపు చూసింది. తర్వాత మెల్లగా, "కోపం" అంది. ఆ మాట అన్నాక ఆమె గొంతే మారిపోయింది. "వంతెన మీదికెళ్లి రమ్మన్న గదమ్మా! నీళ్లు పెరుగుతున్నయ్, పడవ ఎక్కకుమన్న! వినలే! నన్ను గిట్ల జేసి పోయిండు!" అని గోదారి మీద అరిచింది. అవతలి ఒడ్డు అడవి ఆ అరుపును మళ్లీ మాకే పంపింది. అది ఆమె గొంతులా లేదు. తర్వాత చిన్నత్త వాళ్లమ్మ భుజం మీద పడి వెక్కి వెక్కి ఏడ్చింది.

తడి చీరలతో ఇంటికి నడుస్తుంటే నాయనమ్మ చెప్పింది. "మా అక్క గూడ గట్లనే ఉండె. బిడ్డ సచ్చిపోతే ఏడవలె. ఊరంత మెచ్చుకున్నరు. దాపెట్టుకుని తాగింది, తాగి తాగి ఒకనాడు తలుపు దీసేసరికి సల్లబడి ఉంది. నీ లోపల ఏముందే అక్కా అని నేను ఒక్కనాడు అడగలె."

అప్పటి నుంచి సాయంత్రాలు మారాయి. ఆ వేళకు ముందే నాయనమ్మ చింతపండు గంప తెచ్చి అరుగు మీద పెట్టుకుని చిన్నత్తను పక్కన కూర్చోబెట్టుకునేది. "వచ్చిండా?" అని అడిగేది, చుట్టం గురించి అడిగినట్టు. "అవ్, మలుపు కాడున్నడు." "ఇప్పుడు లోపల ఏముంది?" ఒకరోజు భయం అనేది, ఒకరోజు సిగ్గు అనేది, ఒకరోజు ఏమీ లేదు ఖాళీ అనేది. ఒక్కోసారి "వస్తుందమ్మా" అనేది. అంటే మామయ్య కాదు, తాగాలనే కోరిక. "రానియ్. నా చెయ్యి పట్టుకో. వచ్చినట్టే పోతది" అనేది నాయనమ్మ. ఇద్దరూ గింజలు తీయడం ఆపి, బాట మీద ఎవరో దాటి వెళ్లేదాకా ఆగినట్టు, ఊపిరి బిగబట్టి కూర్చునేవాళ్లు. వాళ్ల మధ్య కూర్చున్న నాకు నిజంగానే ఏదో మా ముందు నుంచి నడిచి వెళ్లినట్టు ఉండేది.

ఒక్కసారిగా ఏమీ నయం కాలేదు. మధ్యలో రెండు మూడు సార్లు తాగింది. తాగిన రోజు తనే వచ్చి, "అమ్మా, ఇయ్యాల ఆగలేకపోయిన" అని చెప్పేది. నాయనమ్మ తిట్టేది కాదు, ఏం జరిగిందని అడిగేది. పక్కింటావిడ మళ్లీ గ్లాసు తెస్తే చిన్నత్త, "నాకు అది వద్దక్కా. నువ్వు జర సేపు కూసో, మాట్లాడుకుందం" అంది. ఆవిడ కూర్చుంది. తన మొగుడి గురించి మొదలుపెట్టి దీపాలు పెట్టేదాకా లేవలేదు.

తర్వాత చిన్నత్త తనే బట్టల మూటతో సంతలకు వెళ్లడం మొదలుపెట్టింది. బేరం చేయడానికి వచ్చిన ఆడవాళ్లు బేరం మరిచిపోయి ఆమెకు గుండెలో మాట చెప్పుకునేవారట. నేను హైస్కూలుకు కొత్తగూడెం వెళ్లబోయే ముందు, ఎండాకాలంలో ఒక సాయంత్రం, అందరం అరుగు మీద ఉన్నాం. కుక్క లేవలేదు. పడుకునే ఉంది. చిన్నత్త తల వంచి విన్నది, బాట చివరిదాకా నడిచి వెళ్లింది, తిరిగి వచ్చింది. ఆ చప్పుడు ఉన్న రోజులన్నిటి కంటే ఆ నిశ్శబ్దానికే నేను ఎక్కువ భయపడ్డాను.

"అమ్మా, ఇయ్యాల రాలే" అంది.

"రేపు గూడ రాకపోవచ్చు బిడ్డా."

"ఎరుకే" అని, అరుగు మీద కూర్చుని, ఎవరి నుంచీ ముఖం దాచుకోకుండా ఏడ్చింది. తర్వాత లేచి ముఖం కడుక్కుని మాకు అన్నం పెట్టింది.

మామయ్యను గోదారి ఒక్క సాయంత్రంలో తీసుకుపోయింది. ఆయన వస్తున్న చప్పుడు తీసుకుపోవడానికి కాలానికి ఏళ్లు పట్టింది, అంత నెమ్మదిగా తీసుకుపోయింది కాబట్టే చిన్నత్త మాకు మిగిలిందేమో.