అడక్కుండా రెండో మూట ఎత్తుకునే తుపాకీ

రంగూన్ రేవు దగ్గర తుపాకుల దుకాణంలో తుపాకులు తుడవడానికి నన్ను పెట్టుకున్నారు. నేను ఎక్కువగా చేసింది మాట్లాడటం. కొత్తగా రైఫిలు కొన్నవాళ్ళని బల్ల ముందు కూర్చోబెట్టి, దాంతోపాటు ఏమేం తీసుకోవాలో, ఇంటికెళ్ళాక దాన్ని ఎలా చూసుకోవాలో చెప్పి పంపాలి. ఇత్తడి కడ్డీ, ఫ్లానెల్ గుడ్డ ముక్కలు, తీగ బ్రష్షు, నూనె సీసా, కాన్వాసు సంచి, భుజానికి తోలు పట్టీ, సన్నమూతి గరాటు. తోలు పట్టీ అందరూ అడిగి మరీ కొనేవారు. ఫొటోలో బాగుంటుంది. గరాటు మాత్రం ఒక్కడూ కొనేవాడు కాదు. పులిని కొట్టబోయేవాడి చేతిలో గరాటు ఏం బాగుంటుంది?

నా ఉపన్యాసంలో సగం హాస్యమే. జనం నవ్వుతూ వెళ్తే యజమానికి సంతోషం, నాకు అంతకంటే సంతోషం.

ఆ ఏడు దసరాకి ముందు ఒక మేస్త్రీ వచ్చాడు. మా శ్రీకాకుళం వైపు మనిషి, రేవులో మూటలు దించే జట్టుకి పెద్ద. నది అవతల దలాలో కౌలుకి వరి వేశాడు, పందులు పడి తినేస్తున్నాయి. లైసెన్సు సంపాదించుకుని, జట్టులో నలుగురిని వెంటేసుకుని వచ్చాడు. మా దగ్గర పాతదొకటి ఉంది, అడవుల శాఖలో పనిచేసిన ఒక దొరది. ఒక తూటా పేలగానే తనంతట తానే రెండో తూటాని గొట్టంలోకి ఎక్కించుకునే రకం. దొర ఊరికి పోయాడని యజమాని చెప్పేవాడు. ఏ ఊరికో చెప్పేవాడు కాదు.

మేస్త్రీ దాన్ని అటూ ఇటూ తిప్పి, "దీని గొప్పేటిరా అబ్బీ?" అన్నాడు.

"మీ జట్టోల్లలాంటిది కాదు మేస్త్రీగారూ. ఒక మూట దించీ దించగానే, ఎవులూ సెప్పకుండానే రెండో మూట బుజానికెత్తుకుంటాది."

జట్టంతా పగలబడి నవ్వింది. నిజానికి ఆ మాట తర్వాత నేను చెప్పాల్సిన వాక్యం ఇంకొకటుంది: అందుకని పేల్చాక తుపాకీ ఖాళీ అయిందని ఎన్నడూ అనుకోకండి, గొట్టాన్ని వెనక మూసి ఉంచే బోల్టుని లాగి చూసుకోండి. ఆ నవ్వుల్లో అది పడిపోయింది. నేను వెతకలేదు. జనం నవ్వాక ఇంకా ఏదో చెప్పి పాడుచేసుకోవడం నాకు ఇష్టం ఉండదు. మేస్త్రీ తోలు పట్టీ కొన్నాడు. గరాటు వద్దన్నాడు.

పండగ అయిన తర్వాత ఒక పొద్దున ఒక్కడే వచ్చాడు.

"అబ్బీ, ఒకపాలి ఇంటికి రా."

"ఏటి మేస్త్రీగారూ, పంది కేసెట్టిందేటి?"

"నవ్వులాట కాదురా. తుపాకీ ఏడుస్తంది. ఎర్రగా. మా ఇంటిది పిల్లని తీసుకుని బుదారం స్టీమరెక్కేత్తానంటంది. ఎల్లిందంటే మరి రాదురా అది."

ఇద్దరు పుట్టి పోయాక దక్కిన పిల్ల అని అందరికీ తెలుసు. నాకూ తెలుసు. అయినా దారంతా, ఏడ్చే తుపాకీకి ఏ మందు ఇవ్వాలా అని హాస్యాలు కట్టుకుంటూనే నడిచాను. సంచిలో కడ్డీ, గుడ్డలు, అమ్ముడుపోని గరాటు.

ఇల్లు చిమిండైంగ్ బజారు వెనక, నదివైపు. కర్ర స్తంభాల మీద టేకు పలకల ఇల్లు. వాన ఆగి ఆగి పడుతోంది. లోపల అమ్మవారి పటం ముందు పీట మీద తుపాకీ పడుకుని ఉంది, మెడలో వాడిపోయిన బంతిపూల దండతో. మూతి తూర్పుకి, కాస్త కిందికి. మూతి కింద తెల్లగుడ్డ. గుడ్డ మీద ఎర్రటి మరకలు. ఆ తూర్పునే కిటికీ, కిటికీ గాలికి ఉయ్యాల. ఉయ్యాల అంచు మీదుగా ఒక చిన్న పాదం ఆడుతోంది.

మేస్త్రీ భార్య గుమ్మం అవతలే నిలబడింది. ఆమె పక్కన బట్టల మూట కట్టి సిద్ధంగా ఉంది.

"సూడు బావూ. పొద్దున ఏసిన గుడ్డ. అప్పుడే ఎలగైపోనాదో సూడు. ఆ దొర నెత్తురు కాదేటి?"

"అక్కా, సచ్చిపోనోడి కాడ అంత నెత్తురుంటే ఆడు సచ్చేవోడే కాదు."

మేస్త్రీ నవ్వాడు. ఆమె నవ్వలేదు.

"ఆయుధ పూజకి ఏటి సేసినారు?" అనడిగాను.

"కొబ్బరికాయ కొట్టి, ఆ నీల్లు దాని నోట్లో పోసినాం. ఆయన నిలబెడితే నాను పోసినాను. మర్నాడు ఎర్రగా కక్కింది. సాంతిత్తాదని రోజూ ఒక గరిటెడు పోత్తన్నాం. పదకొండు రోజులు. పోసిన కొద్దీ కక్కుతంది."

నాకు లోపల పండగలా ఉంది. ఇంత చక్కటి దెయ్యాన్ని ఇంత సులువుగా పడగొట్టే అవకాశం రోజూ రాదు. తూటా పేలాక గొట్టంలో ఉప్పు లాంటి మసి మిగులుతుందనీ, అది నూనెకి లొంగదనీ, మరిగే నీళ్ళు పోసి కడగకపోతే రంగూన్ వానల్లో రెండు రోజులకే తుప్పు పడుతుందనీ, దానికి కొబ్బరినీళ్ళు కూడా తోడైతే ఏ తుపాకీ అయినా కక్కుతుందనీ చెప్పాను. అందుకే గరాటు కొనమన్నానని కూడా చెప్పాను. ఆమె నామీద నమ్మకంతో కాదు, చూద్దామని, వసారాలో పొయ్యి మీద నీళ్ళు పెట్టింది.

నీళ్ళు మరిగేలోగా తుప్పు ఎంతుందో చూద్దామని కడ్డీకి గుడ్డ చుట్టి తుపాకీ మూతిలోంచి లోపలికి తోశాను. బోల్టు తీసి చూడకుండా. రోజూ పదిమందికి చెప్పే మాట, నేను చెయ్యలేదు.

ఆ కడ్డీ మీద నేనే గీసిన గీత ఒకటుంది. కొస లోపల బోల్టుకి తగిలితే, గీత సరిగ్గా తుపాకీ మూతి దగ్గరికి రావాలి. రాలేదు. ఇంకా మూడు వేళ్ళ కడ్డీ బయటే ఉంది. లోపల ఏదో మెత్తగా తగిలి ఆపింది. నా అరచెయ్యి కడ్డీ చివర, తుపాకీ మూతికి ఎదురుగా ఉంది.

"మేస్త్రీగారూ, పందిని కొట్టిన్నాడు ఎన్ని తూటాలేసినారు?"

"రెండు. ఒకటి పేలింది. రెండోది సంపాన్ పడవలో పడిపోనట్టుంది. ఒడ్డుకొచ్చాక ఎంత ఎతికినా దొరకలేదు."

ట్రిగ్గరు వైపు చూశాను. దాని మీద కుంకుమ. పొరలు పొరలుగా.

"దీనికి కూడా బొట్టెట్టినావా అక్కా?"

"రోజూ పెడతన్నాను," అని ఆమె ఉంగరపు వేలు చూపించింది. వేలు చివర ఇంకా ఎర్రగానే ఉంది.

భద్రం కోసం ఉండే మీట ఎత్తి లేదు, ట్రిగ్గరు నొక్కితే పేలేదే. కడ్డీ మెల్లగా బయటికి తీశాను. తుపాకీని ఎత్తి, ఇంకో కిటికీలోంచి నది ఒడ్డు బురదవైపు తిప్పాను. అక్కడ మనిషి లేడని రెండుసార్లు చూసుకుని బోల్టు లాగాను. తూటా ఎగిరి టేకు పలకల మీద పడి, టకటకమని దొర్లుకుంటూ ఉయ్యాల కిందికి పోయి ఆగింది.

పొయ్యి మీద నీళ్ళు మరుగుతున్నాయి.

"రెండో మూట," అన్నాడు మేస్త్రీ, చాలా నెమ్మదిగా. నా మాట నాకే తిరిగొచ్చింది. ఎవరూ నవ్వలేదు.

ఆమె గుమ్మం దాటి లోపలికి వచ్చింది. వంగి తూటా తీసుకుంది. ఉయ్యాలవైపు చూసింది, పీటవైపు చూసింది, తన వేలు చూసుకుంది.

"అయితే దెయ్యం లేదు."

"లేదక్కా."

"ఉంటే బాగున్ను. కొబ్బరికాయతో పోయేది."



ఆమే మళ్ళీ అంది: "ఇది కాలీగా ఉందో లేదో ఎలగ తెలుస్తాది? నాకు సెప్పు. ఆయనకి కాదు."

చెప్పాను. మూతి మనుషులు లేని వైపుకి. వేలు ట్రిగ్గరు జోలికి పోకూడదు, బొట్టుకి కూడా. బోల్టు పూర్తిగా వెనక్కి. చూడాలి, చూసినా నమ్మకూడదు, చిటికెన వేలు లోపల పెట్టి తడమాలి. ఆ తర్వాతే నీళ్ళు, గుడ్డ, నూనె. ఒక్క హాస్యం లేకుండా ఇంతసేపు మాట్లాడటం అదే మొదటిసారి. ఆమె మూడుసార్లు చేసి చూపించింది. గరాటుతో మరిగే నీళ్ళు పోస్తే ముందు ఎర్రగా, తర్వాత తేటగా వచ్చాయి. తుడవడానికి నా ఫ్లానెల్ ముక్కలు చాలలేదు. ఆమె గుమ్మం దగ్గరి మూట విప్పి, అందులోంచి ఒక పాత చీర తీసి చింపి ఇచ్చింది. మూట మళ్ళీ కట్టలేదు. బుధవారం స్టీమరు ఆమె లేకుండానే వెళ్ళింది.

ఇప్పుడు దుకాణంలో ప్రతివాడి చేతా చిటికెన వేలు పెట్టించి కానీ పంపను. వాళ్ళు దాన్నే నా హాస్యం అనుకుంటున్నారు.

పాప మొదటి పుట్టినరోజుకి పిలిచారు. జట్టంతా ఉంది. వచ్చిన వాళ్ళందరికీ బొట్టు పెడుతూ ఆమె నా దగ్గరికి వచ్చింది. ఉంగరపు వేలు నుదుటి దాకా వచ్చేసరికి నేను తల వెనక్కి తీశాను.

"కదలకు బావూ. నీకంటే ఆ తుపాకీ నయం. పదకొండు రోజులూ కదలకుండా పెట్టించుకుంది."

అందరూ నవ్వారు. ఆ నవ్వు అయ్యేదాకా ఆగాను. తర్వాత లేచి, గోడకి ఆనించి ఉన్న తుపాకీ దగ్గరికి వెళ్ళి, బోల్టు లాగి, చిటికెన వేలు పెట్టి చూసి, వచ్చి కూర్చున్నాను.