ఉప్పుకుప్ప వెనక దొర

నౌపడ ఉప్పుమళ్ళలో ఓ వారం నేను, కూలీల పుళ్ళకు కట్లు కట్టే ఒక కుర్ర పాదిరి దొరకు దుబాసీగా తిరిగాను. ఎంత రోత చూసినా ఆయన నోట వచ్చే తెలుగు మాట ఒక్కటే: "మంచిది."

మొదటిరోజు ఉప్పు మోసే ముసలమ్మ ఒకతె కాలు చాపింది. పుండు నిండా పురుగులు లుకలుకలాడుతున్నాయి. కంపు భరించలేక కోడలు ఆమెను పశువులపాకలో పెట్టిందట. కంపు పోతేనే మళ్ళీ ఇంట్లోకి. దొర వంగి చూసి, "మంచిది" అని, ఉప్పుకుప్ప వెనక్కి వెళ్ళి భళ్ళున కక్కుకుని, మూతి తుడుచుకుంటూ వచ్చాడు. సువార్త అంటే ఇదే కాబోలనుకుని నేను ముక్కు మూసుకున్నాను.

"ఏటి బాబూ, నా కాలు సూసి కక్కీసినావా? నువ్వంటే కుప్ప ఎనక్కెల్లిపోనావు. నానెక్కడికెల్తాను, నా కాలే కదా!" అంది ముసలమ్మ.

తర్జుమా చేశాను. దొర చెవులు ఎర్రబడ్డాయి. కూర్చుని పురుగులు ఏరి, కడిగి, కట్టు కట్టాడు. మర్నాడూ అదే తంతు, కక్కుడుతో సహా.

మూడోనాడు మాత్రం కుప్ప వైపు కదల్లేదు.

"దేవుడు బలమిచ్చాడా, దొరా?" అన్నాను.

"పొద్దున్నుంచి ఏమీ తినలేదు" అన్నాడు తన భాషలో, తల ఎత్తకుండా.

వారం తిరిగేసరికి ముసలమ్మ ఇంట్లో పడుకుంటోంది. ఆ సంగతి విని మరో ఇద్దరు వచ్చి కాళ్ళు చాపారు. దొరకు మళ్ళీ పస్తే.