కొబ్బరికాయ మీది పుస్తెలు

ఈ పొద్దున చాయ్ వడగడుతుంటే, పక్క గదిలోంచి మా వదిన గిన్నెతో గోడ మీద టకటకా కొట్టింది. వరుసగా గదులున్న మా చాల్లో గోడలంటే పేరుకే గోడలు. ఇటు తుమ్మితే అటువాళ్ళు చిరంజీవ అంటారు. నోటితో పిలిచినా వినబడుతుంది గానీ, ఆవిడకి గిన్నె చప్పుడంటేనే మర్యాద. పొద్దున్నే గిన్నె మోగిందంటే ఠాణా హవల్దారు ఫోన్లో ఇంకో ఫోటో పంపాడని అర్థం. చాయ్ సగంలో వదిలేసి వెళ్ళాను. ఎవరో మగమనిషి, నడివయసు కూడా ఉండదు, పేరు లేదు, ఊరు లేదు, రైలు పట్టాల పక్కన శవమై దొరికాడట. వదిన కళ్ళద్దాలు ముక్కు చివరికి జార్చి, ఆ ముఖాన్ని వేళ్ళతో పెద్దది చేసి చూస్తోంది. "ఈ చెవులు నేను యాడనో చూసినే" అంది. ఆవిడ అలా అన్నప్పుడల్లా నాకు భయమేస్తుంది. ఆనవాలు దొరికితే బాగుండునని ఒకవైపు, దొరక్కపోతే బాగుండునని ఇంకోవైపు. ఈ భయం నాకు పాలమూరక్క కూతురి సంగతితో పట్టుకుంది.

మా అన్నయ్య ఉన్నన్నాళ్ళూ కామాటిపుర గల్లీల్లో తెలుగు పెళ్ళి అంటే ఆయన కెమెరానే. తాతలు ఇక్కడికి రాళ్ళు మోసి ఇళ్ళు కట్టడానికి వచ్చారు. ఆ వంశంలో తాపీ ముట్టనివాణ్ణి నేనొక్కణ్ణే అని మీసం మెలేసేవాడు. వదిన ఆయన వెంట లైటు పట్టుకుని తిరిగేది. వెలుతురు ఎవరి ముఖం మీద ఎలా పడుతోందో చూడటమే ఆవిడ పని. అందుకే పెళ్ళిళ్ళలో మేమంతా చీరలూ లడ్డూలూ చూస్తే ఆవిడ చెవులూ గడ్డాలూ చూసింది. ఆయన పోయాక, ఎవరూ కొనుక్కోని ఫోటోలన్నీ రేకు ట్రంకుల్లో మంచం కింద మిగిలాయి. బిల్డింగు కూలగొడతారు, సామాను తగ్గించుకోండి అని చెప్పినప్పుడు అందరూ పాత బీరువాలు అమ్ముకుంటుంటే, ఆవిడ "ఫస్టు నా ట్రంకులు, తర్వాతనే నేను" అని మొండికేసింది. ఒకసారి కూరగాయలకని వెళ్తూ, ఠాణా బయట అంటించిన ఒక చనిపోయిన కూలీ ముఖం చూసి, ఇతను ఫలానా పెళ్ళిలో పెళ్ళికూతురి తమ్ముడని ట్రంకులోంచి ఫోటో తీసి చూపించింది. ఊరినుంచి అతని వాళ్ళు వచ్చి శవాన్ని తీసుకెళ్ళారు. అప్పట్నుంచి ఆ మరాఠీ హవల్దారుకి మా వదిన మౌషీ, అంటే పిన్ని, అయిపోయింది. డ్యూటీ దిగాక వచ్చి, ఆవిడ చాయ్ తాగి, ఫోన్లో ఫోటోలు చూపించేవాడు. నేను మునిసిపాలిటీ తెలుగు బళ్ళో పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని. భూతద్దం నా దగ్గర ఉంది కనుక నన్నూ జట్టులో చేర్చుకున్నారు. మేమేదో గొప్ప గూఢచారులమని అనుకోకండి. మా గురి చాలాసార్లు తప్పేది.

పాలమూరక్క అసలు పేరు చాల్లో ఎవరికీ పట్టలేదు, పెద్దా చిన్నా అందరికీ ఆమె పాలమూరక్కే. మహబూబ్‌నగర్ దిక్కు నుంచి వచ్చి కట్టడాల దగ్గర ఇసుక మోసే మనిషి. మొగుడు ఎప్పుడో పోయాడు, ఒక్కతే కూతురు. మా మెట్ల కింది గదిలో ఉంటుంది. కూతురి పెళ్ళి మా వాకిట్లోనే జరిగింది, అన్నయ్య తీసిన ఆఖరి పెళ్ళిళ్ళలో అదొకటి. ధారావి అవతల ఉండే ఒక మేస్త్రీకి ఇచ్చింది. అతను ఆ పిల్ల చేతిలో ఫోన్ కూడా ఉండనిచ్చేవాడు కాదు, పండక్కీ పబ్బానికీ తీసుకొచ్చి చూపించి తీసుకుపోయేవాడు. రెండేళ్ళ కిందటి వానాకాలంలో అతను ఒక్కడే వచ్చి మా మెట్ల మీద కూర్చుని ఏడ్చాడు. "నీ బిడ్డ టైల్స్ పనోనితోని లేచిపోయింది అత్తా. ఇజ్జత్ పోతదని ఇన్నొద్దులు చెప్పలె. నేను ఇంక ఊరికే పోత, ఈడ నాకేమున్నది?" ఎన్ని రోజులైందంటే చెప్పడు. ఠాణాకి పోతే పేరు బజారున పడుతుందని పాలమూరక్కా ఆగిపోయింది. కానీ గల్లీ నోటికి తాళం ఎవరు వేస్తారు? నీళ్ళ నల్లా దగ్గర ఎవరైనా గుసగుసలాడితే చాలు, ఆమె చీపురు తీసేది. "నా బిడ్డ గసువంటిది కాదు. మీ నోట్ల మన్నువడ, ఇంకోపారి అనుండ్రి చూస్త!" అని మెట్లు అదిరేలా అరిచేది.

వానలు వెనకబట్టే రోజుల్లో ఒక సాయంత్రం హవల్దారు ఫోటో పంపకుండా తనే వచ్చాడు. చాయ్ వద్దన్నాడు. వదిన చేతి చాయ్ వద్దన్న మనిషి చాల్లో ఇంతవరకూ లేడు. "ముఖం చూపించను మౌషీ, చూపించడానికి ఏమీ మిగల్లేదు" అన్నాడు తన మరాఠీలో. మురుగునీటి నాలాలో గోనెసంచిలో దొరికిన ఆడమనిషి. గొంతు నులిమారని డాక్టర్లు అంటున్నారట. చంపినవాడు ఆనవాళ్ళన్నీ తీసేశాడు గానీ, రవికె లోపల ఇరుక్కున్న పసుపుతాడు చూసుకోలేదు. ఫోన్లో ఆ తాడు, దానికి రెండు బంగారు బిళ్ళలు. ఒకటి వెడల్పుగా లక్ష్మి బొమ్మతో ఉంది. రెండోది చిన్నది, ఏ బొమ్మా లేదు, అంచున అతుకు పెట్టిన బొట్టు ఒకటుంది. "మా ఇంట్లో అయితే రెండూ ఒకే దుకాణంలో ఒకే తీరువి కొంటాం. ఇవి జతే కాదు, ఎక్కడెక్కడివో ఏరి కట్టినట్టున్నాయని మా సాహెబు అంటున్నాడు" అన్నాడు. వదినా నేనూ ముఖాలు చూసుకున్నాం. మా తెలుగువాళ్ళలో ఒక పుస్తె పుట్టింటిది, ఒకటి అత్తింటిది. ఎవరి తాహతు కొద్దీ వాళ్ళు చేయిస్తారు, జత కుదరలేదని ఎవరూ వంక పెట్టరు. అంటే ఆ సంచిలో ఉన్నది మా మనిషి. "ఈ వారం దాటితే ఆస్పత్రిలో ఉంచరు మౌషీ, ఎవరూ లేని బేవారస్ శవమని కాల్చేస్తారు. ఆ తర్వాత ఎవరు చంపారని ఎవణ్ణి అడుగుతాం?" అని ఆ ఫోటో వదిన ఫోన్‌కి పంపి లేచి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దుటే ట్రంకులు బోర్లించాం. పెళ్ళికూతుళ్ళ మెడలన్నీ భూతద్దం కింద పెట్టాను. ఎన్ని మెడలో! పూలదండలు, నల్లపూసలు, ఇల్లిల్లూ తిరిగిన ఒకటే అరువు హారం. పుస్తెలు మాత్రం ఒక్క ఫోటోలోనూ కనబడవు. మధ్యాహ్నం దాటాక వదిన తల కొట్టుకుంది. "ఏం తెలివే మనది! దిష్టి తాకుతదని పుస్తెలు ఎవ్వలన్న పైకేసుకుంటరా? కట్టంగనే రైక లోపలికి తోస్తం గదా!" నిజమే. పెళ్ళయిన దగ్గర్నుంచీ మేమూ చేసిన పనే, పొద్దంతా ఇద్దరికీ తట్టలేదు. చూడాల్సింది కట్టకముందు. కట్టకముందు పుస్తెలను కొబ్బరికాయ మీద పెట్టి, పళ్ళెంలో పెళ్ళికొచ్చిన వాళ్ళందరి దగ్గరికీ తిప్పుతారు. పెద్దవాళ్ళు తాకి దీవిస్తారు. ఆ పళ్ళెం ఫోటో అన్నయ్య ప్రతి పెళ్ళిలోనూ తీసేవాడు, ఎవరూ కొనేవాళ్ళు కారు. తమ ముఖాలు లేని కొబ్బరికాయ ఫోటో ఎవరికి కావాలి? అందుకే అవన్నీ మా ట్రంకుల్లోనే ఉండిపోయాయి.

దీపాలు పెట్టే వేళకి వదిన ఒక ఫోటో దగ్గర ఆగిపోయింది. నా చేతిలోంచి భూతద్దం లాక్కుంది. వెడల్పాటి లక్ష్మి పుస్తె. పక్కన చిన్నది, అంచున అతుకు బొట్టు. పళ్ళెం మీదికి వంగిన చేతుల్లో ఒకదానికి చూపుడువేలి మీద కాలిన మచ్చ. వదిన తన చెయ్యి ఆ ఫోటో పక్కన పెట్టి చూసుకుంది. "నా చెయ్యేనే" అంది. ఎవరి పెళ్ళని నేను అడగలేదు. ఆ చిన్న పుస్తె కోసం పాలమూరక్క తన కమ్మలు కరిగించిందని చాల్లో అందరికీ తెలుసు. నాకు ఏడుపు రాలేదు, పట్టరాని కోపం వచ్చింది. మెట్ల మీద కూర్చుని ఏడ్చినవాడికి మంచినీళ్ళిచ్చి వీపు నిమిరింది నేనే.

అప్పుడే పాలమూరక్క పని నుంచి వచ్చి గడపలో కాళ్ళు కడుక్కుంటోంది. నోటితోనే బతికే మా వదిన ఫోటోనీ ఫోన్నీ పక్కపక్కన ఆమె ముందు పెట్టింది. ఆమె తడి చేతులు చీరకి తుడుచుకుని చాలాసేపు చూసింది. తర్వాత నేను జన్మలో ఆమె నోట వింటాననుకోని మాట అంది.

"నా బిడ్డ లేచిపోయిందక్కా."

"చెల్లె, గట్ల కాదు..."

"లేచిపోయింది. అందరు అంటలేరా? టైల్స్ పనోనితోని పోయింది. యాడనో సల్లగుంది. పుస్తెలు ఎవడో దొంగ కొట్టేసి ఇంకెవతెకో అమ్మిండు."

ఆ మాటన్న వాళ్ళ మీదికి ఇన్నాళ్ళూ చీపురెత్తిన మనిషి! లేచిపోయిందంటే బతికి ఉన్నట్టే కదా. వదిన ఆమె పక్కన నేల మీద కూలబడి చెయ్యి పట్టుకుంది. "నువ్వు పోయి నీ నెత్తురిస్తెనే ఆమె ఎవరో తేలుతది. లేకుంటె బేవారస్ అని కాలుస్తరు. వాడు మూటాముల్లె సదురుకోని ఊరికి పోతడు, ఇంకోదాన్ని చేసుకుంటడు. నీ బిడ్డకు లేచిపోయిందన్న పేరే ఈ గల్లీల మిగుల్తది. చెప్పు చెల్లె, ఏం జేద్దాం?"

పాలమూరక్క చెయ్యి విడిపించుకుని లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. మేమిద్దరం ఆ తలుపు ముందే కూర్చున్నాం. నల్లా వచ్చింది, పోయింది, మేం నీళ్ళు పట్టుకోలేదు. లోపల్నుంచి ఏడుపు కూడా వినబడదు. ఏం చేసుకుంటోందో ఏమో, తలుపు తోద్దామా అని నేను లేస్తే వదిన నా కొంగు పట్టి కూర్చోబెట్టింది. ఇక ఉండబట్టలేక పిలవబోతుంటే తలుపు తెరుచుకుంది. తల దువ్వుకుని ఉతికిన చీర కట్టుకుని ఉంది. "నడువుండ్రి" అంది.

ఆస్పత్రిలో ఆమెకి ఏమీ చూపించలేదు, ఆ మాత్రం దయ దేవుడికుంది. నెత్తురు తీసుకున్నారు. హవల్దారు దగ్గరుండి, కాల్చకుండా ఆపించాడు. అల్లుడు ఊరికి బస్సెక్కకముందే పట్టుకొచ్చారు. టైల్స్ పనివాడు పెళ్ళాంబిడ్డలతో వేరే ఊళ్ళో పని చేసుకుంటున్నాడని తేలింది. నెత్తురు కలిసిందని కబురొచ్చిన రోజు వదిన అన్నం ముట్టలేదు. "ముత్తయిదువుగ సావాలని ఈ చేత్తోనే దీవిస్తిని గదనే. గట్లనే సచ్చింది" అని ఆ చేతిని గోడకేసి కొట్టుకుంది. వాడింకా జైల్లోనే ఉన్నాడు, కేసు నడుస్తూనే ఉంది. నల్లా దగ్గర ఆ పిల్ల మాట వస్తే ఇప్పుడు ఎవరూ నవ్వరు.

ఏడాది తిరిగేసరికి ఇంకో చిక్కు వచ్చింది. సంవత్సరికం ఏ రోజు పెట్టాలి? వానాకాలంలో ఎప్పుడో అని డాక్టర్లు చెప్పారు, అంతే. వాడు నోరు విప్పడు, విప్పినా వాడు చెప్పిన రోజున పిండం పెట్టడమా? తిథి తెలియనివాళ్ళకి పెత్తరమాస ఉందని పంతులు చెప్పాడు. పోయినవాళ్ళందరి పేరనా బియ్యమిచ్చే అమావాస్య. మా ఆడవాళ్ళు బతుకమ్మ ఆట మొదలుపెట్టేదీ ఆ సాయంత్రమే. పొద్దున పాలమూరక్క కూతురి పేరున బియ్యం, కూరగాయలు ఇచ్చింది. సాయంత్రం కింద వాకిట్లో చప్పట్లూ పాటలూ మొదలయ్యాయి. ఆమె మా వసారా కటకటాలు పట్టుకుని చూస్తూ నిలబడింది. నాతో అంది.

"టీచరమ్మా, ఆ వానల్ల ఒకనాడు సైటు మీద ఎవరో ఏందో అంటె కడుపుబ్బ నవ్విన. ఒకనాడు మీ ఇంట్ల పూరీలు తిన్న. ఒకనాడు జొరమని దినమంత పండుకున్న. అండ్ల ఏ పూట సంపిండో వాడు? నేను నవ్వినప్పుడేనా? ఒక్కో పూట తీసి చూస్తున్న, దొరుకుతలేదు."

కాలం గడిస్తే ఏ దుఃఖమైనా మెత్తబడుతుందని బళ్ళో ఎంతమందికి చెప్పానో. ఏ రోజున మొదలైందో తెలియని దుఃఖానికి కాలం ఎక్కణ్ణించి గడవాలి?