చిరిగిన కవరులోని రింగు

1979 జూన్‌లో నన్ను మద్రాసు విమానాశ్రయంలో లైన్ మెయింటెనెన్సుకు ఇంజినీరుగా వేశారు. వచ్చిన విమానాన్ని మళ్లీ బయలుదేరేలోపు పరీక్షించి పంపే విభాగమది. మాది నర్సీపట్నం. నా కింద పనిచేసే మెకానిక్ యేసుపాదం మాకవరపాలెం వాడు. షిఫ్టులో అందరూ నాతో అతన్ని గురించి "మీ ఊరాయన" అంటూ ఆటపట్టించేవారు. పక్షపాతమన్న మాట పడకూడదని నేను మిగతావాళ్లకంటే అతనితోనే కటువుగా ఉండేవాణ్ణి. అదేదో న్యాయమనుకున్నాను కానీ, అది పిరికితనం.

మెకానిక్ ఎంత పనిమంతుడైనా విమానం ఎగరవచ్చని సంతకం చేయలేడు. దానికి లైసెన్సు కావాలి. ఆ పరీక్షకు కూర్చోవాలంటే ఆఫీసు సిఫారసు చేయాలి. యేసుపాదానికి ఆ ఏడాది సిఫారసు ఖాయమైంది. డ్యూటీ దిగాక క్యాంటీన్లో ఒక మూల కూర్చుని చదువుకునేవాడు.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం కుడి ఇంజను హైడ్రాలిక్ పంపు దగ్గర పైపు అతుకు చెమ్మగిల్లింది. చక్రాలు ముడవడానికీ, బ్రేకులకూ బలమిచ్చేది ఈ హైడ్రాలిక్ ద్రవమే. ఊదారంగులో ఉంటుంది, చర్మానికి తగిలితే మండుతుంది. మామూలు రబ్బరును ఉబ్బించి మెత్తబరుస్తుంది కాబట్టి అతుకు కారకుండా వేసే రింగులు దీనికి వేరే రకం రబ్బరువి వాడాలి. రెండూ నల్లగానే ఉంటాయి, చూసి పోల్చలేం. అందుకే కవరు చిరిగి ఉన్న రింగు వాడకూడదని రూలు.

స్టోర్సులో ఆ సైజు రింగు ఒక్కటే ఉంది. దాని కవరు చిరిగి ఉంది. యేసుపాదం దాన్ని వేళ్ల మధ్య నలిపి చూసి నా దగ్గరికి తెచ్చాడు.

"సార్, నాకెందుకో అనుమానంగున్నాదండి. రేపటిదాకా ఈ హైడ్రాలిక్ ఆయిల్లో నానబెడితే తెలిసిపోద్దండి."

విమానం బయలుదేరడానికి యాభై నిమిషాలుంది. అన్నీ తెలిసినమ్మ అమావాస్య నాడు చచ్చిందన్నట్టు, రూలు పుస్తకం కంఠస్థమైన నేనే ఆ మాట తోసేశాను. "కవరు మీద నంబరు సరిపోయింది కదా. బేగి బిగించీ," అన్నాను. బిగించాడు. పంపు నడిపి పూర్తి ప్రెజరులో చూశాం, చుక్క కారలేదు. నేను సంతకం పెట్టాను.

నాలుగో రోజున ఆ విమానం గాలిలోకి లేచిన కాసేపటికే ద్రవమంతా కోల్పోయి వెనక్కి వచ్చింది. చక్రాలను లోపలినుంచి చేతి మీటలు లాగి దించుకున్నారు. ఎవరికీ ఏమీ కాలేదు. విప్పి చూస్తే రింగు ఉబ్బి చితికిపోయి ఉంది. కవరులో ఉన్నది మామూలు రబ్బరు రింగు.

విచారణకు నేనొక నివేదిక ఇచ్చాను. మెకానిక్ చిరిగిన కవరులోని రింగు బిగించాడనీ, పరీక్షలో లీకు కనిపించనందున సంతకం చేశాననీ రాశాను. అందులో ఒక్క అబద్ధం లేదు. అతను వద్దన్నాడనీ, బిగించమన్నది నేననీ మాత్రం రాయలేదు. రాస్తే ఊరివాణ్ణి కాపాడుతున్నాడంటారని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి కాపాడుకున్నది నన్ను నేనే. నన్ను మందలించి వదిలేశారు. అతని సిఫారసు రద్దు చేశారు. యేసుపాదం విచారణలో నా పేరెత్తలేదు. ఆ చలికాలం ఉద్యోగం మానేసి వెళ్లిపోయాడు.

1986లో సెలవు మీద నర్సీపట్నం వచ్చినప్పుడు, బలిఘట్టం వెళ్లే దారిలో అతను ట్రాక్టర్లు బాగుచేసే షెడ్డు పెట్టుకున్నాడని విని వెళ్లాను. చేతులు తుడుచుకుని స్టూలు వేశాడు, టీ తెప్పించాడు. జరిగింది జరిగినట్టు ఆఫీసుకు రాస్తానన్నాను.

"ఇప్పుడేటి లాభమండీ. పుస్తకాలన్నీ ఎవులికో ఇచ్చీసేను," అన్నాడు. స్పానరు అందుకుని, "మీరు సెప్తారని మూడు నెల్లు సూసేనండి," అని ట్రాక్టరు దగ్గరికి వెళ్లిపోయాడు.

గొంతులో కోపం లేదు. ఉంటే నాకు తేలికగా ఉండేది. ఆ ఉత్తరం రాయడానికి అతని అనుమతి అక్కర్లేదు. అయినా అతను వద్దన్నాడనే సాకు దొరికింది, రాయలేదు.

మాటలన్నీ నిజమైనంత మాత్రాన నివేదిక నిజమైపోదు. ఎవరు వద్దన్నారో, ఎవరు కానిమ్మన్నారో లేని కాగితం మీద ఇంజినీరు సంతకం చేయకూడదు. నేను చేశాను.