క్లచ్ మీద నా కాలు

నాకు కారు నడపడం రాదని మా ఇంట్లో తీర్మానం జరిగినప్పుడు నేను వంటింట్లో పప్పుకు పోపు పెడుతున్నాను. తీర్మానం చేసింది ఇద్దరు: మా ఆయన, మా బావ. బావ అంటే మా ఆయన సొంత అన్న, పై అంతస్తులో ఉంటాడు. ఆయన నాతో నేరుగా మాట్లాడడు. నేను ఎదురుగా నిలబడి ఉన్నా సరే, నాకు చెప్పాల్సింది తమ్ముడికి చెబుతాడు. పెళ్లయిన కొత్తలో అది మర్యాద అనుకున్నాను. నా జవాబు వినే బాధ లేకుండా చేసుకున్న ఏర్పాటని తర్వాత తెలిసింది.

"తమ్మీ, ఆమెకు క్లచ్ మీద కాలు నిల్వదు. బండి సిగ్నల్ సిగ్నల్‌కు ఆగిపోతున్నదంటే ఇంకేంది? ఎవర్కన్న తగిలిస్తే పరేషాన్. ఐతారం కొనెటందుకు నా దోస్త్ ఒస్తడు, ఇచ్చేద్దాం."

"సరే అన్నా" అన్నాడు మా ఆయన.

ఆ 'సరే' చెవిన పడగానే నాకు ఒళ్లు మండింది. ఈలోగా పోపు మాడింది. ఆ పూట అందరికీ ఆ మాడు పప్పే వడ్డించాను, కావాలనే.

మా పుట్టింటివాళ్లది పోచంపల్లి వైపు మగ్గాల ఇల్లు. అక్కడి చీరలు తెచ్చి దిల్‌సుఖ్‌నగర్, చంపాపేట్, బడంగ్‌పేట్‌లలో ఇంటింటికీ తిరిగి అమ్ముతాను. కారు లేని రోజుల్లో మూటలు ఒళ్లో పెట్టుకుని ఆటోల్లో తిరిగేదాన్ని. లేకపోతే నన్ను దింపడానికి మా ఆయనకు ఎప్పుడు తీరిక దొరుకుతుందా అని గుమ్మంలో కూర్చునేదాన్ని. నా చీరల మీద మిగిలినదానితోనే ఆ పాత కారు కొన్నాం. కాగితాలు మాత్రం మా ఆయన పేరు మీద ఉన్నాయి. అప్పుడు ఎవరి పేరైతే ఏమిటిలే అనుకున్నాను. ఇప్పుడు ఆ కారు పోతే నేను మళ్లీ గుమ్మంలో కూర్చోవాలి. కూర్చోదలచుకోలేదు.

బండికి జబ్బు ఉన్న మాట నిజమే. దసరా వెళ్లిన కొన్నాళ్లకు మొదలైంది. యాక్సిలరేటర్ మీద కాలున్నంతసేపూ చక్కగా పోయేది. సిగ్నల్ దగ్గర కాలు తీస్తే చాలు, చలిజ్వరం వచ్చినట్టు వణికి ఆగిపోయేది. ఎల్బీనగర్ చౌరస్తాలో అలా ఆగినప్పుడల్లా వెనకనుంచి హారన్లు. పక్కన ఆగిన ఆటో అతను తల బయటపెట్టి "మేడమ్, క్లచ్ తొక్కాలె" అని పాఠం చెప్పేవాడు. నేను తొక్కే ఉంచానయ్యా అంటే ఎవరు వింటారు?

షెడ్డుకు తీసుకెళ్లాను. మెకానిక్ ప్లగ్గులు తీసి తుడిచాడు, ఏవేవో విప్పి బిగించాడు. తర్వాత నేను అక్కడే నిలబడి ఉండగా మా ఆయనకు ఫోన్ చేశాడు. "సార్, బండి మంచిగనే ఉంది. మేడమ్ జర క్లచ్ జల్ది ఇడుస్తున్నరు."

"బ్రేకు కూడా బిగుసుకుపోయింది, చూడు" అన్నాను.

"లేడీస్‌కు అట్లనే అనిపిస్తది మేడమ్. చెప్పులు ఇడిచి షూస్ ఏసుకోండ్రి."

ఒక రోజు మా బావే నడిపి చూశాడు. వెనక సీట్లో నేను. చంపాపేట్ దాటకముందే ఆయన కాలి కింద కూడా బండి ఆగిపోయింది. లోపల్లోపల ఎంత సంబరపడ్డానో చెప్పలేను. ఆయన ఏమాత్రం తొణకలేదు. పక్కనున్న తమ్ముడి వైపు తిరిగి, "ఆమె నడిపి నడిపి బండికి గదే అలవాటు చేసింది" అన్నాడు. ఇంక దీనికేం చెబుతాం?

ఆదివారం దగ్గర పడుతుండగా ఒక మధ్యాహ్నం, మగవాళ్లిద్దరూ పనులకు పోయాక, కొక్కేనికి వేలాడుతున్న తాళంచెవి తీసుకుని కిందికి దిగాను. తప్పు నాదో బండిదో నేనే తేల్చుకుందామనుకున్నాను. నిజంగా నాదే అయితే నోరు మూసుకుని ఆటో ఎక్కడానికి కూడా సిద్ధపడ్డాను. గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ లాగి, ఇంజను స్టార్ట్ చేశాను. రెండు కాళ్లూ ఎత్తి పక్క సీటు మీద చాపుకున్నాను. క్లచ్ తొక్కడానికి గానీ వదలడానికి గానీ అక్కడ కాలే లేదు. ఇంజను వణికింది, వణికింది, ఆగిపోయింది. ఖాళీ పార్కింగ్‌లో ఒక్కదాన్నే పకపకా నవ్వాను. వాచ్‌మన్ భార్య బట్టలు ఆరేస్తూ నాకేదో అయిందన్నట్టు చూసింది.

నవ్వు అయ్యాక కోపం వచ్చింది, కోపం నుంచి ఆలోచన వచ్చింది. బండి ఆగిపోవడం, బ్రేకు బిగుసుకోవడం రెండూ ఒకేసారి మొదలయ్యాయి. అయితే ఈ రెండింటికీ మధ్య ఏదో ఉండాలి కదా. డ్రైవింగ్ స్కూల్లో బానెట్ తెరిచి చూపించిన రోజు మిగతావాళ్లు ఫోన్లు చూసుకుంటుంటే నేను విన్నాను. ఇంజను వెనక గుండ్రంగా నల్లటి డబ్బా ఉంటుంది. ఇంజను ఒక రబ్బరు పైపు గుండా ఆ డబ్బాలోని గాలిని పీల్చుకుంటుంది, అందుకే బ్రేకు మెత్తగా దిగుతుంది. ఆ పైపుకు చిల్లి పడితే? బ్రేకు బిగుసుకుంటుంది. బయటి గాలి ఇంజనులోకి దూరితే, కాలు తీసినప్పుడు అందే కాస్త పెట్రోలు ఆ గాలికి చాలదు, ఇంజను ఆగిపోతుంది.

మళ్లీ స్టార్ట్ చేసి, దిగి, బానెట్ ఎత్తాను. ఆగిపోయినప్పుడల్లా మళ్లీ స్టార్ట్ చేస్తూ, ఆ డబ్బా దగ్గర మొదలుపెట్టి పైపు వెంటే చూసుకుంటూ పోయాను. మధ్యలో ఒక చిన్న నల్లగుడ్డ మూట తగిలింది. దాని దగ్గర నుంచే స్ స్ అని సన్నని చప్పుడు. చున్నీ చుట్టుకున్న బొటనవేలు అక్కడ అదిమిపెట్టాను. చచ్చిపోబోతున్న ఇంజను తేరుకుని నిలకడగా తిరిగింది. వేలు తీస్తే మళ్లీ వణుకు.

ఆ మూటలో ఉన్నది దిష్టికి కట్టే పటిక. దసరాకు బండి పూజ చేసినప్పుడు మా బావే కట్టాడు. "తమ్మీ, ఆడమనిషి నడుపుతది, నలుగురి కండ్లు పడ్తయి" అని, బయట కడితే బాగుండదని బానెట్ లోపల, చేతికి అందిన పైపుకే, బైండింగ్ తీగతో. ఊడిపోకూడదని మెలి తిప్పి మరీ బిగించాడు. ఇంజను అదురుకు ఆ తీగ రబ్బరును కోసుకుంటూ దిగింది.

తీగను ముట్టుకోలేదు. తీస్తే నా మాట ఎవరు నమ్ముతారు?

ఆదివారం బావ స్నేహితుడు వచ్చాడు. మా ఆయన కాగితాల కవరు పట్టుకుని కిందికి దిగాడు. తాళంచెవి నా చేతిలోనే ఉంది. అందరినీ బండి దగ్గర నిలబెట్టి, తలుపు బార్లా తీసి, స్టార్ట్ చేసి, కాళ్లు రెండూ పక్క సీటు మీద పెట్టుకున్నాను. ఇంజను ఆగిపోయింది.

"చూసిండ్రా? క్లచ్ ఏడుంది, నా కాళ్లు ఏడున్నయి?" అన్నాను.

బానెట్ ఎత్తి, మళ్లీ స్టార్ట్ చేసి, మా ఆయన చెయ్యి పట్టుకుని ఆ చప్పుడు మీద పెట్టించాను. ఇంజను సర్దుకుంది. తీశాడు, వణికింది. పెట్టాడు, సర్దుకుంది. ఆ నల్లగుడ్డను గుర్తుపట్టి అన్న వైపు చూశాడు. బావ గేటు వైపు చూశాడు. వచ్చిన పెద్దమనిషి నవ్వు ఆపుకుంటూ, "బండి అమ్మేటట్టు లేరు గదా, నేను పోతా" అని వెళ్లిపోయాడు.

మర్నాడు ఆ మూట విప్పి గేటు పక్కన పెట్టి, పైపుకు టేపు చుట్టి షెడ్డుకు నేనే వెళ్లాను. ఏ పైపు మార్చాలో చూపించాను. "సార్‌కు ఒక్కసారి ఫోన్ చేస్త" అన్నాడు మెకానిక్.

"సార్‌కెందుకు? నడిపేది నేను, నాకు చెప్పు."

కొత్త పైపుతో వస్తుంటే ఎల్బీనగర్ చౌరస్తాలో ఎర్రలైటు పడింది. కాలు తీశాను. ఇంజను తన పని తాను చేసుకుంటూ ఉంది. పచ్చలైటు వచ్చేదాకా అలాగే ఉంది. కళ్లు తడిసిన మాట దాచను.

ఇంటికి వచ్చేసరికి గేటు దగ్గర అన్నదమ్ములిద్దరూ ఉన్నారు. విప్పేసిన పటిక మూట బావ చేతిలో ఉంది. ఇన్నేళ్లకు మొదటిసారి నా ముఖం చూసి, నాతోనే మాట్లాడాడు.

"అమ్మా, గిది మళ్ల ఏడ కడ్దాం?"

"మీ బండికే కట్టుకోండి బావా. నాకొద్దు."

తర్వాత మా ఆయన వైపు తిరిగాను. "అమ్మనీకి కాగితాలు తీసినవ్ గదా, బీరువాల పెట్టకు. నా పేరు మీదికి మార్పియ్యి."

ఆయన అలవాటు కొద్దీ అన్న ముఖం చూశాడు. బావ పటిక మూట వైపే చూస్తున్నాడు. మా ఆయన "సరే" అన్నాడు, ఈసారి నాతో.