సాంచాలు ఆగినప్పటి వోల్టేజీ

సూరత్ పక్క ఉధ్నాలో ఉండే రాజనర్సు తాత తన చెవులకంటే మీటరు ముల్లునే ఎక్కువ నమ్ముతాడు. నమ్మక ఏం చేస్తాడు? మీసాలు రాకముందే సిరిసిల్ల వైపు నుంచి సూరత్ వచ్చి, నడుం వంగేదాకా పవర్‌లూముల మధ్యే నిలబడ్డాడు. మనవాళ్లు సాంచాలనే ఆ పవర్‌లూముల మోత ఒక చెవిని పూర్తిగా, రెండో చెవిని సగం తినేసింది. అయినా ఆయనకున్న పిచ్చి మాత్రం పాటల పెట్టెల మీదే. రేడియో గానీ, మైకుసెట్టు గానీ, భజన మండలి యాంప్లిఫయర్ గానీ మూగబోతే చాలు, విప్పి కూర్చుంటాడు. తీగను టంకంతో అతికించాక కూడా మనసొప్పక, దాని మీద పాలిస్టర్ నూలుతో చిన్న ముడి వేస్తాడు. సాంచా మీద తెగిన పోగుకు వేసే ముడే అది.

"కరెంటు గుడ పోగే. ముడెయ్యకుంటే జారిపోతది" అంటాడు గంభీరంగా.

"నీ నోటికి గుడ ఒక ముడెయ్యరాదు" అంటుంది ఆయన భార్య వజ్రమ్మ అవ్వ.

అవ్వ అనడానికి కారణముంది. ఏ సెట్టు చెడినా తాత ముందుగా వెతికేది చెడగొట్టినవాణ్ణి. ఆ తర్వాతే రోగం.

కరోనా రెండోసారి విరుచుకుపడి తగ్గిన ఏడాది, దసరా ముందు, గల్లీల్లో కొద్దిమందితో గర్బా ఆడుకోవచ్చన్నారు. వెనక గల్లీలో ఉండే ఉమాకాంత్ తన గిటారు యాంప్లిఫయర్‌ను రొప్పుతూ మోసుకొచ్చాడు. గాజు వాల్వులతో నడిచే పాతకాలపు పెట్టె అది. ఇన్నాళ్లూ ప్రోగ్రాములు లేక మూలన పడి ఉంది.

"తాతా, జర దీన్ని చూడు. తీగను గట్టిగ మీటితే సౌండు నలిగిపోతున్నది. జలుబు చేసినట్టు పాడుతది."

తాత వెనకమూత విప్పి స్విచ్చి వేశాడు. నిప్పుకణికల్లా వెలగాల్సిన వాల్వులు నీరసంగా ఎర్రబడ్డాయి. మీటరు పెడితే నాలుగు వందలు చూపాల్సిన ముల్లు మూడు వందల ముప్పై దగ్గర చతికిలబడింది. ఒక వాల్వు మార్చాడు, ముల్లు కదల్లేదు. రెండు పెద్ద కెపాసిటర్లు మార్చాడు, అయినా కదల్లేదు. వాల్వులను వెలిగించే చిన్న వోల్టేజీ కూడా అదే లెక్కన తగ్గి ఉంది. అన్నీ ఒక్కతీరుగా తగ్గాయంటే రోగం వీటన్నిటికీ కరెంటు పంచే ట్రాన్స్‌ఫార్మరులోనే ఉండాలి.

"లోపల చుట్లు కాలినయ్ పిలగా. దీన్ని ఎవరికన్న ఇచ్చినవా?"

"మొన్న అంబదాస్ అడిగితే ఇచ్చిన. కడోదర ఊర్ల పెండ్లికి తీస్కపోయిండు."

"ఆడ జనరేటర్ మీద పెట్టిండా?"

"పెట్టిండు గావచ్చు."

"గావచ్చేంది? వాడే కాల్చిండు!"

అంబదాస్, ఉమాకాంత్ చిన్నప్పటినుంచీ ఒకే పళ్లెంలో తిన్నవాళ్లు. అంబదాస్ పగలు సాంచాలు నడుపుతాడు, ఉమాకాంత్ గిటారు వాయించే పాటల పార్టీలో ఢోలు వాయిస్తాడు. ఆ సాయంత్రం చాయ్ కొట్టు ముందు ఉమాకాంత్ అతణ్ణి పదిమందిలో కడిగేశాడు. కాల్చి, చల్లగా మూసిపెట్టి ఇచ్చావన్నాడు, దొంగ అన్నాడు. "నేను తీస్కపోయినప్పుడే గట్ల పాడుతున్నదిరా!" అని అంబదాస్ మొత్తుకున్నా ఎవరూ వినలేదు. రాజనర్సు తాత మీటరు పెట్టి చెప్పాక ఇంక వినేదేముంది? అంబదాస్ పార్టీ మానేశాడు.

ట్రాన్స్‌ఫార్మరును మళ్లీ చుట్టించడానికి పంపాలని తాత పెట్టెను బోర్లించాడు. గోడ నుంచి వచ్చే తీగ ట్రాన్స్‌ఫార్మరులోకి చేరేచోట మూడు కొనలున్నాయి: రెండు వందల వోల్టులకొకటి, రెండు వందల ఇరవైకొకటి, రెండు వందల నలభైకొకటి. కరెంటు ఎంత వస్తుందో ఆ కొనకు తీగ కట్టాలి; తక్కువ వస్తున్నప్పుడు పై కొనకు కడితే లోపల వోల్టేజీలన్నీ పడిపోతాయి. ఉధ్నాలో సాంచాలన్నీ కరెంటు పీల్చేస్తాయి కాబట్టి తాత ఎప్పుడూ రెండు వందల కొనకే కడతాడు.

తీగ రెండు వందల నలభైకి ఉంది. దాని మీద నూలుముడి ఉంది.

ఆ ముడి వేసేవాడు ఉధ్నాలో ఒక్కడే.

తాతకు అప్పుడు గుర్తొచ్చింది. మొదటి లాక్‌డౌన్‌లో సాంచాలన్నీ ఆగిపోయాయి. పీల్చేవాళ్లు లేక గోడల్లో కరెంటు పొంగింది, ఇళ్లల్లో బల్బులు టప్పుమన్నాయి. ఇంట్లో సాధన చేసుకునే ఉమాకాంత్ తన వాల్వులు పోతాయని భయపడి వస్తే, తానే తీగను పై కొనకు మార్చి, "నేనున్న గదరా" అన్నాడు. సాంచాలు మళ్లీ నడిచాక దాన్ని వెనక్కి మార్చాలి. మరిచాడు. ఈసారి గోడ కరెంటు కొలిచినా దొరికిపోయేది. కానీ ఉధ్నా కరెంటు తన నాడిలాంటిదని, కొలవడం నామోషీ అనుకున్నాడు మహానుభావుడు.

తీగను రెండు వందల కొనకు మార్చాడు. ముల్లు లేచి నాలుగు వందల మీద నిలబడింది. వాల్వులు దివ్యంగా వెలిగాయి. తాత మొఖమే ఆరిపోయింది.

"బాగైతే గట్ల కూసున్నవేంది?" అంది అవ్వ. ఆయన చెప్పింది విని పొయ్యి కట్టేసింది. "పోయి చెప్పు."

"బాగైందని చెప్త. ఎట్ల బాగైందో ఎందుకు?"

"ఆ పోరగాన్ని దొంగను చేసినవ్ గదయ్యా!"

తాత మనసులో లెక్క వేసుకున్నాడు. చుట్లు మార్పించానంటే సరిపోతుంది. పెట్టె బాగుంటుంది, పేరు బాగుంటుంది.

ఉమాకాంత్ వచ్చి గిటారు తగిలించి మీటితే, తాత సగం చెవికి కూడా గది నిండినట్టు వినిపించింది. వాడు ఆనందం పట్టలేక వంగి కాళ్లు మొక్కాడు.

"అంబదాస్ గాడు చంపితే నువ్వు బతికించినవ్ తాతా!"

తాత కాళ్లు వెనక్కి లాక్కున్నాడు. "మొక్కకు. చంపింది నేనే" అని, ముడి చూపించి అంతా చెప్పేశాడు.

ఉమాకాంత్ గిటారు కింద పెట్టాడు. "వాన్ని దొంగన్న తాతా" అన్నాడు.

ఇద్దరూ అంబదాస్ పనిచేసే షెడ్డుకు వెళ్లారు. గేటు దగ్గర ఉమాకాంత్ కాళ్లు ఆగిపోయాయి. తాత ఒక్కడే లోపలికి నడిచాడు. సాంచాల మోతలో మాట వినపడదు. అక్కడ పనిచేసేవాళ్లు పెదవులు చూసే మాట్లాడుకుంటారు. కరోనా మాస్కులొచ్చి ఆ సుఖమూ పోయింది. తాత మాస్కు చాటునే గొణిగి బయటపడదామనుకున్నాడు. అంబదాస్ చేతిలో పని ఆపకుండా, మాస్కు తీయమని వేలు చూపించాడు.

తాత మాస్కు గడ్డం కిందికి లాగాడు. "తప్పు నాదే బిడ్డా. తీగ నేనే మార్చి మర్చిపోయిన."

అంబదాస్ చెవి దగ్గర చెయ్యి పెట్టి తల అడ్డంగా ఊపాడు.

వాడు పెదవులు చదివేశాడని తాతకు తెలుసు. జీవితమంతా ఆ మోతలో ఉన్నవాడికి తెలియదా! అయినా ఈసారి అరిచాడు. అంబదాస్ మళ్లీ తల ఊపాడు. తాత ఊపిరి పీల్చుకుని, మెడనరాలు ఉబ్బేలా, "నువ్వు కాల్చలే! నేనే! నాదే తప్పు!" అని కేకపెట్టాడు. దూరాన సాంచాల దగ్గరున్నవాళ్లు కూడా తిరిగి చూశారు. తాత వాళ్లందరికీ కనపడేలా అక్కడే తలొంచుకుని నిలబడ్డాడు.

అప్పుడు అంబదాస్ తన మాస్కు దించి, పెదవులు స్పష్టంగా కదిలించాడు. "నువ్వు చెప్పినవ్, సరే తాతా. దొంగ అన్నది నువ్వు గాదు."

తాత బయటికొచ్చి, గోడకు ఆనుకున్న ఉమాకాంత్ రెక్క పట్టుకుని గేటు లోపలికి తోశాడు.

"పో. జర గట్టిగ ఒర్లు. వానికి ఇయ్యాల చెవులు వినవడుతలెవ్వు."