పైల్వాన్ పాత్రకు కొత్త గొంతు

1998 వేసవిలో నన్ను డబ్బింగ్ విభాగానికి చీఫ్ ఇంజనీరుగా వేశారు. మా స్టూడియో బెంగళూరు గాంధీనగర్‌కు దగ్గర్లో ఉండేది. అంతకుముందు చాలా ఏళ్లు అసిస్టెంటుగా, ఆ తర్వాత ఇంజనీరుగా అదే గదిలో పనిచేశాను గనక కొత్తగా నేర్చుకోవలసిన పని లేదు. బాధ్యత మాత్రం కొత్తది. మాట పెదవులకు అతకకపోతే ఇదివరకు మా పైవాణ్ణి అడిగేవారు, ఇకమీదట నన్ను అడుగుతారు. ఆ హోదాలో నా చేతికి వచ్చిన మొదటి పెద్ద సినిమా చెన్నకేశవులుగారిది.

ఆయన తండ్రి అనంతపురం వైపు నుంచి తాపీ పనికి బెంగళూరు వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం. చెన్నకేశవులుగారు చిన్న వయసులోనే ఒక నాటకాల కంపెనీలో చేరి, తెరలు లాగే పని నుంచి దుర్యోధనుడి వేషం దాకా ఎదిగారు. మైకు లేకుండా ఆఖరి వరసకు వినిపించే గొంతు ఆయనది. ఆ గొంతే ఆయన్ను కన్నడ సినిమాల్లోకి తీసుకువచ్చింది. దుష్టుడైన జమీందారు, లంచాలు మేసే మంత్రి, కథానాయిక తండ్రి, ఇలా ఏళ్ల తరబడి వేశారు. ఆయన ముఖం తెర మీదికి రాకముందే గొంతు వినిపిస్తే చాలు, థియేటర్లో ఈలలు పడేవి. యాభై దాటాక దర్శకుడయ్యారు. మొదటి సినిమాకు మంచి పేరు వచ్చింది. నా చేతికి వచ్చిన ఈ రెండోదాంట్లో ప్రధాన పాత్ర కూడా తనే వేశారు. బెంగళూరు పేటలో గరడీ మనె నడిపే ముసలి పైల్వాన్ పాత్ర అది. కుస్తీ నేర్పే పాత వ్యాయామశాలను ఇక్కడ గరడీ మనె అంటారు.

మాది బెంగళూరు కాటన్‌పేటలో తరాలుగా బట్టల వ్యాపారం చేసిన తెలుగు కుటుంబం. అందువల్ల ఆయనా నేనూ ఎప్పుడూ తెలుగులోనే మాట్లాడుకునేవాళ్లం.

అప్పట్లో షూటింగులో రికార్డు చేసిన మాటలు సినిమాలో వాడేవారు కాదు. కెమెరా మోత, వీధి గోల అన్నీ వాటిలో కలిసి ఉండేవి. ఆ రికార్డును పైలట్ ట్రాక్ అనేవాళ్లం. నటుడు డబ్బింగ్ థియేటర్లో కూర్చుని, హెడ్‌ఫోన్లలో ఆ పైలట్ వింటూ, తెర మీద తన పెదవులు చూస్తూ ప్రతి మాటనూ మళ్లీ చెప్పాలి. నటించే దర్శకులు సాధారణంగా తమ భాగాన్ని ఆఖరికి ఉంచుకుంటారు. చెన్నకేశవులుగారూ అలాగే చేశారు. తక్కినవాళ్లందరి డబ్బింగ్ ముగిసే వేళకు ఆయన గొంతు బొంగురుపోయింది. జలుబనుకున్నాం. డాక్టరు చూసి స్వరతంతువు మీద కణితి ఉందన్నారు. ఆపరేషన్ జరిగింది, ప్రాణానికి ముప్పు తప్పింది. గొంతు మాత్రం తిరిగి రాలేదు. చెవి దగ్గర పెడితే తప్ప వినపడని గుసగుస ఒక్కటే మిగిలింది.

నిర్మాత బసవరాజు మంచివాడే, కానీ అతని బెంగ అతనిది. పంపిణీదారులంతా ఆ గొంతును చూసుకునే సినిమా కొన్నారు. అందుకే బసవరాజు ఎక్కడెక్కడో వెతికి రఫీక్ అనే మిమిక్రీ కళాకారుణ్ణి పట్టుకొచ్చాడు. రఫీక్ పగలు ఒక ప్రైవేటు కంపెనీలో గుమాస్తా, గణేశ ఉత్సవాలప్పుడు ఆర్కెస్ట్రా వేదికల మీద నటుల గొంతులు అనుకరించేవాడు. మొదటి డైలాగు చెప్పాడు. అచ్చం ఆయనే. బసవరాజు చప్పట్లు కొట్టాడు. నేనూ లోలోపల ఊపిరి పీల్చుకున్నాను.

చెన్నకేశవులుగారు నా పక్క కుర్చీలో కూర్చుని ఉన్నారు. ఆయన గుసగుసగా చెప్పింది నేను టాక్‌బ్యాక్ మైకులో, అద్దం అవతలి గదిలో ఉన్న రఫీక్‌కు కన్నడంలో చెప్పాలి. అది మా ఏర్పాటు. ఆయన తల అడ్డంగా ఊపి నా చెవి దగ్గరికి వంగారు.

“వీడు నన్ను చేస్తాండాడప్పా. పైల్వాన్‌ను చేయల్లేదు.”

“గొంతు సరిగ్గా సరిపోయింది కదా సార్?” అన్నాను.

“నాకి సరిపోయిండాది. ఆ ముసలోడికి సరిపోల్యా. ఆ మనిషి దుర్యోధనుడు గాదు. సొంత గొంతులో చెప్పమను.”

ఈ మాట బసవరాజుకు చేరవేయడం నా ఉద్యోగంలో చేసిన కష్టమైన పనుల్లో ఒకటి. అతను మండిపడ్డాడు. ఆ గొంతు కోసం టికెట్టు కొన్నవాడు ఇంకెవడి గొంతో వింటే కుర్చీలు విరగ్గొడతాడన్నాడు. డబ్బింగ్ గదిలో చివరి మాట దర్శకుడిది, కానీ సినిమా నెగటివు నిర్మాత చేతిలో ఉంటుంది. ఇద్దరూ పట్టుబడితే సినిమా పెట్టెలోనే ఉండిపోతుంది. అలా ఉండిపోయినవాటిని నేను చూశాను. అందుకని ఒక్క సన్నివేశాన్ని రెండు గొంతుల్లోనూ రికార్డు చేసి, రెండూ వేసి చూద్దామని నేను ప్రతిపాదించాను. ఇద్దరూ ఒప్పుకున్నారు.

చెన్నకేశవులుగారు ఎంచిన సన్నివేశం ఇది. గరడీ మనె స్థలాన్ని పైల్వాన్ పాత శిష్యుడే కొనేస్తాడు. కూలగొట్టే ముందు, కుస్తీ గుంటలోంచి ఒక బుట్టెడు ఎర్రమట్టి తీసుకుపోతానని పైల్వాన్ అతణ్ణి అడుగుతాడు.

అనుకరణ గొంతులో అది ఒకే టేకులో అయిపోయింది. సొంత గొంతు దగ్గరే చిక్కు వచ్చింది. రఫీక్‌కు వంద గొంతులు తెలుసు, తన గొంతుతో మాత్రం ఏనాడూ మైకు ముందు మాట్లాడలేదు. పీలగా, వణుకుతూ చెప్పాడు. రెండో టేకూ అంతే.

“నా గొంతు ఎవరు వింటారు సార్? పెద్దాయన ముందు నన్ను నవ్వులపాలు చేయొద్దు,” అన్నాడు కన్నడంలో.

చెన్నకేశవులుగారు లేచి లోపలికి వెళ్లారు. అద్దంలోంచి చూస్తున్నాను. భుజం మీది తువ్వాలు పక్కన పెట్టి, పంచె పైకి బిగించి, పైల్వాన్లలా బస్కీలు తీయడం మొదలుపెట్టారు. ఆపరేషనైన మనిషి! నేను పరుగున వెళ్లేలోగా రఫీక్ సిగ్గుపడి ఆయన్ను ఆపి తనే తీయసాగాడు. ఆయన చేత్తో తాళం వేస్తూ తీయించారు. అతనికి ఆయాసం వచ్చి మోకాళ్ల మీద చేతులు పెట్టుకున్నాక, నావైపు తిరిగి మైకు కాస్త వెనక్కి జరపమని సైగ చేశారు. దగ్గరి మైకులో ఆయాసం మాటను మింగేస్తుంది. ఆయన ఉద్దేశం అర్థమై, మైకును మూరెడు వెనక్కి జరిపి శబ్దం పెంచాను.

రఫీక్ చెవిలో ఆయన ఏదో చెప్పారు. ఏం చెప్పారని తర్వాత అడిగితే, “అడుక్కోవద్దు, దబాయించొద్దు, సుమ్నే అడుగు అన్నాను,” అన్నారు. సుమ్నే అంటే కన్నడంలో ఊరికే అని.

ఆ టేకు వేరుగా వచ్చింది. కండ సడలినా నడుము వంచని మనిషి, తను పెంచినవాణ్ణే మట్టి అడుగుతున్నాడు.

రెండు టేకులూ తెర మీద వేశాం. మొదటిదాంట్లో పైల్వాన్ శిష్యుణ్ణి సవాలు చేస్తున్నట్టుంది. చివర్న శిష్యుడు ఎందుకు తలదించుకున్నాడో అర్థం కాదు. రెండోది చూస్తే అర్థమవుతుంది. బసవరాజు మళ్లీ వేయమన్నాడు. రెండోసారి అయ్యాక లేచి, “కానీండి,” అని బయటికి వెళ్లిపోయాడు.

పాత్ర మొత్తం రఫీక్ సొంత గొంతులోనే పూర్తి చేశాం. రోజంతా హెడ్‌ఫోన్లలో తన పాత గొంతు వింటూ, ఇంకొకరి గొంతును సరిదిద్దుతూ కూర్చున్నారు చెన్నకేశవులుగారు. ముఖంలో ఏమీ కనపడనిచ్చేవారు కాదు. డబ్బింగ్ ముగిశాక పైలట్ టేపులు చెరిపి మళ్లీ వాడుకోవడం మా స్టూడియో పద్ధతి. ఆయన గొంతు ఉన్న చివరి టేపులు అవే. వాటిని దాచి ఉంచమంటారా అని అడిగాను. ఆయన కొంచెంసేపు టేపు డబ్బాల వైపు చూశారు.

“తుడిచెయ్యప్పా. వాళ్ల గొంతులు ఈ టేపుల్లోనే పట్టల్ల గదా,” అన్నారు, బయట తమ వంతు కోసం కాచుకున్న మరో సినిమా నటులను చూపిస్తూ.

చెరిపేశాను.

మొదటి ఆట మెజెస్టిక్ ప్రాంతంలోని ఒక థియేటర్లో, బసవరాజు పక్కన కూర్చుని చూశాను. ప్రధాన పాత్ర నోరు తెరవగానే వెనక వరసల్లో గోల లేచింది. సౌండు పాడైందని కొందరు ప్రొజెక్టర్ గది వైపు తిరిగి అరిచారు. బసవరాజు తల పట్టుకున్నాడు. కొన్ని రీళ్లు గడిచేసరికి గోల తగ్గింది. మట్టి సన్నివేశం వచ్చినప్పుడు అరిచేవాడు లేడు. బెంగళూరులో సినిమా బాగా ఆడింది. జిల్లాల్లో పాత గొంతు కోసం వచ్చినవాళ్లు నిరాశపడ్డారు, అక్కడ అంతగా ఆడలేదు. చెన్నకేశవులుగారు మళ్లీ నటించలేదు. 2000 తర్వాత కూడా చాలాకాలం, పక్కన ఒక సహాయకుణ్ణి పెట్టుకుని గుసగుసతోనే సినిమాలు తీశారు. రఫీక్ గుమాస్తా పని మానేసి డబ్బింగ్ కళాకారుడయ్యాడు.

అంతవరకు నా చెవి ఒక్కటే చూసేది, గొంతు నటుడికి అతికిందా లేదా అని. ఆ సినిమా తర్వాత రిటైరయ్యేదాకా నా కింద పనిచేసినవాళ్లకు వేరే వరస నేర్పాను. తెర మీది మనిషి ఎదుటివాణ్ణి ఏం అడుగుతున్నాడో ముందు తెలుసుకోవాలి. ఆ తర్వాతే గొంతు ఎంచుకోవాలి. పెదవుల సంగతి ఆఖర్న చూసుకోవచ్చు. పెదవులు కొంచెం తప్పితే ప్రేక్షకుడు సర్దుకుంటాడు, మనిషి తప్పితే సర్దుకోడు.